పీఠిక, పురస్కారం, ప్రక్రియ : కుందుర్తి చుట్టూ ఏర్పడిన సాహిత్య బృందం

ప్రస్తావన

ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రను ఉద్యమాల వరుసగా రాయడం స్థిరపడిన పద్ధతి. భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం, దిగంబర కవిత్వం, విప్లవ కవిత్వం, స్త్రీవాద, దళితవాద కవిత్వాలు అన్న క్రమంలో సాగే ఈ చరిత్రలో ప్రతి ఘట్టానికీ ఒక ప్రకటనో, ఒక సంకలనమో, ఒక సంఘమో ఆధారంగా కనిపిస్తుంది. భావజాలం పునాదిగా కాక ఒక ప్రక్రియ పునాదిగా, ఒక కవి వ్యక్తిగత పూనికతో ఏర్పడిన సాహిత్య బృందాలకు ఈ క్రమంలో తగిన చోటు దొరకదు. కుందుర్తి ఆంజనేయులు (1922–1982) 1958లో స్థాపించిన ఫ్రీవర్స్ ఫ్రంట్ అటువంటి వాటిలో ఒకటి. సాహిత్య చరిత్రలు సాధారణంగా దీనిని ఒకటి రెండు వాక్యాల్లో ప్రస్తావించి, కుందుర్తికి 'వచన కవితా పితామహుడు' అన్న బిరుదును జోడించి ముందుకు సాగుతాయి. ఆ బిరుదు గౌరవాన్ని తెలుపుతుంది కాని ఆయన చేసిన పని స్వరూపాన్ని వివరించదు.

కుందుర్తి తన చుట్టూ ఒక సాహిత్య బృందాన్ని ఏ సాధనాలతో నిర్మించారు? ఆ బృందం ఆయన నుంచి ఏది స్వీకరించింది, దేనిని స్వీకరించలేదు? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పీఠిక, పురస్కారం అన్న రెండు సాధనాలు వచన కవితకు లక్షణ గ్రంథం లేని కాలంలో ఆ లోటును కొంతవరకు పూరించాయనీ, అయితే కుందుర్తి ఆశించిన కథాకావ్యం మాత్రం ఆ బృందంలో వేళ్లూనలేదనీ ఇక్కడి ప్రతిపాదన.

నేపథ్యం

కుందుర్తి గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతానికి చెందినవారు. విశ్వనాథ సత్యనారాయణకు శిష్యులై, పద్యంతోనే రచన ప్రారంభించారు. పద్యం చేతకాక వచనాన్ని ఆశ్రయించినవారు కారన్న విషయం ఆయన వాదాలను అంచనా వేసేటప్పుడు గుర్తుంచుకోదగినది. అనిసెట్టి సుబ్బారావు, బెల్లంకొండ రామదాసులతో కలిసి 1944లో వెలువరించిన 'నయాగరా' ఆయనను అభ్యుదయ కవుల తొలి వరుసలో నిలిపింది. ముగ్గురు మిత్రుల కవితలు ఒకే పుస్తకంగా రావడం కూడా గమనార్హం. కవిత్వం ఒంటరి వ్యాసంగం కాదనీ, కొందరు కలిసి చేసే పని అనీ భావించే స్వభావం అప్పటికే ఆయనలో ఉన్నట్లు దీనివల్ల తెలుస్తుంది.

వచన కవిత కుందుర్తితో పుట్టలేదు. శిష్ట్లా ఉమామహేశ్వరరావు ప్రయోగాలు, 1939లో వచ్చిన పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' ఆయనకు ముందటివి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లో మాత్రాఛందస్సు ప్రధానమే అయినా, ఛందస్సును వదిలిన రచనలు కూడా అందులో ఉన్నాయి. అయితే ఈ ప్రయోగాల్లో వచనం తిరుగుబాటుకు ఒక సాధనం మాత్రమే. పఠాభి ఛందస్సును పరిహసించడానికి దానిని వాడుకున్నారు. వచనాన్ని ప్రయోగ దశ నుంచి తప్పించి, కవిత్వానికి నిత్య వాహికగా నిలపాలన్న పట్టుదల కుందుర్తిది. ఆద్యత్వం కంటె ఈ పట్టుదలే ఆయన ప్రత్యేకత.

1956లో వెలువడిన 'తెలంగాణ' కావ్యం ఈ పట్టుదలకు తొలి పెద్ద నిదర్శనం. తెలంగాణ రైతాంగ పోరాటం అప్పటికే తెలుగు కవిత్వానికి వస్తువైంది. దాశరథి 'అగ్నిధార', 'రుద్రవీణ', సోమసుందర్ 'వజ్రాయుధం', ఆరుద్ర 'త్వమేవాహం' అంతకు ముందే వచ్చాయి. దాశరథిలో పద్యపు ధార, సోమసుందర్‌లో గేయపు లయ పోరాట ఆవేశానికి వాహికలయ్యాయి. కుందుర్తి అదే వస్తువును వచనంలో, కావ్య పరిమాణంలో చెప్పడానికి పూనుకున్నారు. వీరరసానికి ఛందోగతి తప్పనిసరి అన్న నమ్మకాన్ని ఆ ప్రయత్నం ప్రశ్నించింది. ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపన దీని తర్వాత రెండేళ్లకు జరిగింది. అంటే సిద్ధాంతం కంటె ముందు కావ్యం వచ్చింది.

పేరులోని సూచన

'ఫ్రంట్' అన్న పదం రాజకీయ పరిభాష నుంచి వచ్చినది. భిన్నాభిప్రాయాలు గలవారు ఒక పరిమిత లక్ష్యం కోసం ఏకమవడం దాని అర్థం. వామపక్ష సాహిత్య వాతావరణంలో ఎదిగిన కవి ఈ పదాన్ని ఒక ఇతివృత్తానికో, సిద్ధాంతానికో గాక ఒక ప్రక్రియకు ముడిపెట్టడం విశేషం. కవి ఏమి చెప్పాలో ఈ సంస్థ శాసించదు, ఎందులో చెప్పాలో మాత్రమే సూచిస్తుంది. అందువల్ల అభ్యుదయ కవికీ, వ్యక్తిగత అనుభూతిని రాసుకునే కవికీ ఇందులో ప్రవేశం సాధ్యమైంది. ఈ విశాలత ఆ సంస్థ బలం. ప్రక్రియ ఆమోదం పొందిన రోజున కలిసి ఉండడానికి వేరే కారణం మిగలకపోవడం దాని బలహీనత. ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే.

పీఠిక : లక్షణ గ్రంథానికి ప్రత్యామ్నాయం

పద్యకవి కాదలచినవానికి సంప్రదాయంలో రెండు ఆధారాలున్నాయి: ఛందోగ్రంథం, గురువు. గణాలు, యతిప్రాసలు నేర్చుకొని, రాసిన పద్యాన్ని గురువుకు చూపించి, దిద్దించుకోవడం అభ్యాసక్రమం. తప్పు ఎక్కడ ఉందో చూపడానికి అక్కడ అందరూ అంగీకరించిన కొలమానం ఉంది. వచన కవిత రాయబూనిన యువకుడికి 1950ల చివర ఈ రెండూ లేవు. పాదం ఎక్కడ విరగాలి, వాక్యం ఎప్పుడు కవిత్వమవుతుంది, వ్యావహారికం ఎంతవరకు సాగవచ్చు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే గ్రంథం లేదు. ప్రక్రియ పేరు విషయంలోనే ఏకాభిప్రాయం లేదు. వచన గేయం, వచన పద్యం, వచన కవిత అన్న పేర్లు పక్కపక్కనే వ్యవహారంలో ఉండేవి. కృష్ణమాచార్యుని సింహగిరి వచనాలను పూర్వరూపంగా చూపి దీనికి వంశావళి కల్పించినవారు కొందరు. ఇది కవిత్వమే కాదన్నవారు మరికొందరు.

ఈ స్థితిలో కుందుర్తి కొత్త కవుల పుస్తకాలకు విస్తారంగా పీఠికలు రాశారు. అవి తర్వాత 'కుందుర్తి పీఠికలు'గా గ్రంథరూపం పొందాయి. తెలుగులో పీఠిక చాలాకాలంగా ఆశీర్వచన ప్రక్రియ. పెద్దలు కవి వంశాన్నో, వినయాన్నో ప్రశంసించి, చివర దీవించి ముగించేవారు. కుందుర్తి చేతిలో అది ప్రక్రియా చర్చకు వేదికైంది. సామాన్యుడు కేంద్రమైన కాలానికి వచన కవితే తగిన వాహిక అనీ, నిత్య వ్యవహారంలోని మాటకు కవిత్వ యోగ్యత ఉందనీ, అస్పష్టత గొప్పదనానికి గుర్తు కాదనీ ఆయన పదే పదే వాదించారు. ఒకే వాదం అనేక పుస్తకాల ముందు పునరుక్తం కావడాన్ని లోపంగా భావించవచ్చు. అయితే ఈ పునరుక్తికి ఒక ప్రయోజనం ఉంది. సిద్ధాంత గ్రంథం పండితుల చేతికి వెళుతుంది, పీఠిక కవితల ముందు నిలిచి ఆ కవితల పాఠకుడికే చేరుతుంది. సూత్రం, ఉదాహరణ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఆ అర్థంలో ఈ పీఠికలు విడతలుగా వెలువడిన లక్షణ గ్రంథం వంటివి.

వచన కవిత లక్షణాలపై శాస్త్రీయ చర్చ తరువాతి కాలంలో జరిగింది. కోవెల సంపత్కుమారాచార్య, చేకూరి రామారావుల మధ్య వచన పద్య స్వరూపంపై సాగిన వాదవివాదం ఇందులో ముఖ్యమైనది. భావాన్ని గణంగా విభజించవచ్చునన్న ప్రతిపాదన, దానికి భాషాశాస్త్ర దృష్టితో వచ్చిన అభ్యంతరాలు ఆ చర్చను ఉన్నత స్థాయికి తీసుకెళ్లాయి. ఆ చర్చ సాధ్యం కావడానికి ముందు పరిశీలించదగినంత కవిత్వరాశి పోగుపడి ఉండాలి. ఆ రాశి పోగుపడడంలో ఎందరో కవుల స్వతంత్ర కృషితో పాటు ఈ పీఠికల ప్రోత్సాహానికీ భాగముంది.

పీఠికకు స్వభావసిద్ధమైన పరిమితి ఒకటి ఉంది. అది అతిథి మర్యాద వంటిది. కవి కోరగా, కవి పుస్తకంలోనే అచ్చయ్యే మాట తీవ్రమైన నిరసన కాలేదు. వచన కవితను సమర్థించే తొందరలో వచన కవిత రాసిన ప్రతివారినీ సమర్థించవలసిన స్థితి పీఠికాకర్తకు ఏర్పడుతుంది. అకవిత్వం పెరగడానికి కుందుర్తి ఔదార్యం కారణమైందన్న విమర్శకు ఇక్కడ మూలముంది. ఈ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేము. కాని అది పీఠికను ఒక్కదానినే చూసి చేసే విమర్శ. దాని పక్కన పనిచేసిన రెండవ సాధనాన్ని కలిపి చూడాలి.

పురస్కారం : ఎంపిక బాధ్యత

ఫ్రీవర్స్ ఫ్రంట్ పక్షాన వచన కవితా సంపుటికి ఏటా పురస్కారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. పీఠిక పలువురిని ఆహ్వానిస్తుంది, పురస్కారం ఒకరిని ఎంపిక చేస్తుంది. మొదటిది 'నీవూ రాయవచ్చు' అంటే, రెండవది 'ఇలా రాయడం మేలు' అంటుంది. గురువు దిద్దుబాటుకు అవకాశం లేని ప్రక్రియలో ఏటేటా ఒక సంపుటిని ఎత్తి చూపడం పరోక్ష శిక్షణ. ప్రభుత్వ అకాడమీల గుర్తింపు సాధారణంగా స్థిరపడిన రచయితలకు లభించేది. కుందుర్తికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 'కుందుర్తి కృతులు'కు 1977లో గాని రాలేదు. అంతటి నిరీక్షణ కొత్త కవికి అవసరం లేకుండా, ఒకే ప్రక్రియకు అంకితమైన గుర్తింపు ఏర్పడడం ఆనాటికి అరుదైన విషయం.

ఈ బృందం ఎలా నిలిచిందో తెలుసుకోవడానికి శీలా వీర్రాజు పాత్ర ముఖ్యమైన ఆధారం. కుందుర్తి రాష్ట్ర ప్రభుత్వ సమాచార శాఖలో పనిచేశారు. వీర్రాజు ఉద్యోగమూ ఆ శాఖలోనే. కవి, కథకుడు, నవలాకారుడు అయిన వీర్రాజు చిత్రకారుడిగా ఎందరో కవుల పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. కుందుర్తి అనంతరం పురస్కార నిర్వహణ ఆయన చేతుల మీదుగా కొనసాగింది. పీఠిక రాసేవారు ఒకరు, ముఖచిత్రం వేసేవారు ఒకరు, సొంత ఖర్చుతో అచ్చు వేసుకునే కవి ఒకరు. వచన కవితా సంపుటి వెనుక ఉన్న ఈ చిన్న వ్యవస్థను సాహిత్య చరిత్రలు పట్టించుకోలేదు. నగర ఉద్యోగ జీవితంలో ఏర్పడిన పరిచయాలు పాతకాలపు ఆస్థానాల, పరిషత్తుల స్థానాన్ని ఆక్రమించిన తీరు ఇందులో కనిపిస్తుంది.

విజయం తర్వాతి ప్రశ్న

1965లో దిగంబర కవుల తొలి సంపుటి వెలువడింది. నాంపల్లి పండు అనే రిక్షా కార్మికుడు దానిని ఆవిష్కరించడం సుప్రసిద్ధం. ఆ సంఘటనను సాధారణంగా కవిత్వ వస్తువు దృష్టితోనే వ్యాఖ్యానిస్తారు. ప్రక్రియ దృష్టితో చూస్తే మరొక అంశం తేలుతుంది. దిగంబర కవులకు వచనాన్ని సమర్థించుకోవలసిన అవసరం రాలేదు. వారిపై వచ్చిన అభ్యంతరాల్లో ప్రధానమైనవి భాష, అశ్లీలత, ధిక్కారాలకు సంబంధించినవి. ఛందస్సు లేకపోవడం అప్పటికి ప్రధాన నేరం కాదు. పెద్దల ఆశీస్సును కోరే పీఠికా సంప్రదాయానికి రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరణ పూర్తి విరుద్ధమైనది. ఫ్రంట్ ఏ ప్రక్రియ కోసం వాదించిందో ఆ ప్రక్రియ వాదన అవసరం లేని దశకు చేరిందనడానికి ఇదే సాక్ష్యం. లక్ష్యం నెరవేరడంతోనే ఫ్రంట్ అత్యవసరత తగ్గింది.

తరువాత పీఠిక స్వభావం కూడా మారింది. 1993 నాటి 'నీలిమేఘాలు', 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' వంటి సంకలనాల్లో ముందుమాట బయటి పెద్ద రాసిన పరిచయం కాదు, ఉద్యమం తరఫున వినిపించిన ప్రకటన. ఏ ప్రక్రియలో రాయాలన్నది అక్కడ చర్చే కాదు, ఎవరు మాట్లాడాలన్నదే చర్చ. కుందుర్తి పీఠికకూ వీటికీ గల ఈ తేడా మూడు దశాబ్దాల కవిత్వ పరిణామాన్ని సూచిస్తుంది.

అనుసరణ లేని ఆశయం : కథాకావ్యం

కుందుర్తి దృష్టిలో వచన కవిత చిన్న కవితకు పరిమితమైనది కాదు. కథను నడిపే కావ్యం వచనంలో రావాలనీ, అప్పుడే ఆ ప్రక్రియ పద్యంతో సమాన ప్రతిపత్తి పొందుతుందనీ ఆయన ఆశించారు. కవిత్వానికి దూరమైన సామాన్య పాఠకుణ్ణి తిరిగి రప్పించడానికి కథే మార్గమన్నది ఈ ఆశకు ఆధారం. పాఠకుడు నవలకూ కథానికకూ తరలిపోతున్న కాలంలో కవి చేసిన ఆలోచన ఇది.

బృందం ప్రక్రియను స్వీకరించింది, ఈ ఆశయాన్ని స్వీకరించలేదు. వచన కవితా సంపుటి అంటే పేజీ రెండు పేజీల కవితల సమాహారమే అన్న అలవాటు స్థిరపడింది. దీనికి ప్రచురణ పరిస్థితులూ కారణమే. పత్రికల్లో దొరికే చోటు చిన్న కవితకే అనువైనది, సంపుటి అలా వెలువడిన కవితల కూర్పు. కుందుర్తి బృందాన్ని నిలిపిన సాధనమైన సంపుటి పురస్కారం కూడా ఈ అలవాటును మార్చలేకపోయింది.

అయితే ఆ ఆశయం పూర్తిగా నిష్ఫలమైందనడం సరికాదు. 1977 దివిసీమ ఉప్పెన నేపథ్యంగా నగ్నముని రాసిన 'కొయ్యగుర్రం', శీలా వీర్రాజు ఆత్మకథాత్మక కావ్యం 'పడుగు పేకల మధ్య జీవితం', ఎన్. గోపి 'జలగీతం' వంటి దీర్ఘ రచనలు వచనానికి కావ్య పరిమాణాన్ని మోసే శక్తి ఉందని నిరూపించాయి. వీటిలో కథాకావ్యానికి దగ్గరగా వచ్చేది వీర్రాజు రచన. మిగిలిన వాటిలో సంఘటనో, ఒక మూలభావమో కేంద్రంగా ఉంటుంది కాని పాత్రల ద్వారా నడిచే కథ ప్రధానం కాదు. కుందుర్తి కోరిన కథాకావ్యం స్థానంలో దీర్ఘకవిత వచ్చింది. నిడివి వచ్చింది, కథనం రాలేదు. తెలుగు వచన కవిత తన పాఠకుణ్ణి ఎందుకు విస్తరించుకోలేకపోయిందన్న ప్రశ్నకు సమాధానం వెతికేవారు ఈ తేడా దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంటుంది.

ముగింపు

కుందుర్తి నిర్మించిన బృందం ఒక సిద్ధాంతాన్ని ప్రకటించిన సంఘం కాదు, కేవలం మిత్రగోష్ఠీ కాదు. నియమాలు లేని ప్రక్రియలో ప్రవేశించే కొత్తవారికి పరిచయాన్నీ, ధైర్యాన్నీ, గుర్తింపునూ ఇచ్చిన వ్యవస్థ అది. పీఠికలోని ఔదార్యం వల్ల బలహీన రచనలకూ చోటు దొరికింది. ఆ ఔదార్యమే లేకపోతే లక్షణ చర్చకు ఆధారమైన కవిత్వ సంపద అంత త్వరగా ఏర్పడేది కాదు. లాభనష్టాలు రెండూ ఒకే గుణం నుంచి వచ్చినవని గుర్తించినప్పుడే కుందుర్తి కృషిపై సమతుల్యమైన అంచనా సాధ్యం.

పీఠికలను గ్రంథానికి అనుబంధంగా కాక స్వతంత్ర విమర్శ పత్రాలుగా పరిశీలించడం ఈ దిశలో తొలి మెట్టు. ఏ కవికి ఎవరు పీఠిక రాశారు, ఏ సంపుటి పురస్కారానికి ఎంపికైంది, ఆ సంపుటి తర్వాత ఆ కవి రచన ఏ మార్గం పట్టింది అన్న వివరాలను కాలక్రమంలో అమర్చితే, ఉద్యమాల చరిత్ర చూపని మరొక చరిత్ర వెలుగులోకి వస్తుంది. తొలి ముద్రణల పీఠికలను పునర్ముద్రణల్లో తొలగించే అలవాటు ఉన్నందున ఈ పని ఆలస్యమయ్యే కొద్దీ ఆధారాలు తగ్గుతాయి. 'పితామహుడు' అన్న బిరుదు వెనుక ఉన్న పనిని తెలుసుకోవడానికి ఆ ఆధారాలే శరణ్యం.