పరాయి సభకు పంపే పాట

ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగానికి మన దేశం తరఫున ఏటా ఒక్క సినిమానే ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఎంచి పంపుతుంది. 2022లో ఆ అవకాశం గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'కు దక్కింది. పాటల విభాగానికి దేశాల ఎంపిక లేదు, తీసినవాళ్లే పంపుకోవాలి. తెలుగు సినిమా పాట 'నాటు నాటు' అలా వెళ్లింది. అకాడమీ సంగీత విభాగం సభ్యులు వడపోసిన 15 పాటల్లో నిలిచింది, ఐదింట్లో నిలిచింది, 2023 మార్చి 12న గెలిచింది.

దేశమే పాటను ఎంచి పంపే పోటీ యూరప్‌లో ఉంది. పేరు యూరోవిజన్. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. మధ్యలో చాలా ఏళ్లు సొంత భాషలోనే పాడాలన్న నియమం ఉండేది. 1999లో దాన్ని ఎత్తేశారు. అంతే, చాలా దేశాలు ఇంగ్లీషుకు మళ్లాయి. అందరికీ అర్థం కావాలన్న ఆత్రం! అయినా 2017లో పోర్చుగల్, 2021లో ఇటలీ తమ భాషల్లోనే పాడి గెలిచాయి. 2022లో యుక్రెయిన్ కథ ఇంకా గట్టిది. దేశంలో జరిగిన ఎంపికలో మొదట నెగ్గిన గాయని క్రిమియా ప్రయాణం మీద వివాదం లేచి తప్పుకుంది. రెండో స్థానంలో ఉన్న కలుష్ ఆర్కెస్ట్రాను పంపారు. ఒక కొడుకు తన తల్లి మీద కట్టిన పాట వాళ్లది. అందులో జానపదుల పిల్లనగ్రోవి కూడా ఉంది. యుద్ధం నడుస్తుండగానే టూరిన్‌లో గెలిచింది. మన 'నాటు నాటు'ను అంతకు ముందు ఏడాది చిత్రీకరించిందీ ఆ దేశ రాజధాని కీవ్‌లోనే.

ఈ ఎంపిక నాకు దూరపు సంగతి కాదు. శ్రావణమాసంలో మా ఆదోని వైపు ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి జనం విరగబడి వస్తారు. వాళ్ల ముందు చెక్కభజనకు ఏ పాట ఎత్తుకోవాలన్నది మా గుంపులో ఎప్పుడూ తెగని వాదనే. కుర్రవాళ్లు సినిమా వరస కావాలంటారు. కన్నడం కలిపితే బాగుంటుందని ఇంకొకరంటారు. నేను మాత్రం మా పెద్దల పాటే కావాలని పట్టుబడతాను. కొత్తవాళ్లకు మొదట అందేది మాట కాదు, చెక్కల దెబ్బ. దాని వెంట అడుగు. పాడేవాడి నోట్లో మాట పుట్టినప్పటినుంచీ నలిగినదైతేనే ఆ దెబ్బ సూటిగా పడుతుంది. అరువు మాటను తాళానికి సర్దుకుంటూ పాడితే అడుగు తడబడుతుంది. ముందు వరసలో నిలబడ్డవాళ్లు అది వెంటనే పసిగడతారు.

'నాటు నాటు' రాసిన చంద్రబోస్ ఆ పాటలో పోలేరమ్మ జాతరను, ఎర్రజొన్న రొట్టెను, మిరపతొక్కును పెట్టాడు. ఆదోని పల్లెల్లో జొన్నరొట్టె తట్టే ఏ ఇంటికైనా అవి తెలుసు. లాస్ ఏంజిలస్‌లోని ఆస్కార్ సభకు తెలియవు. అయినా ఆ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ దాన్ని తెలుగులోనే పాడారు. తెలుగు రాని ఆ సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.