పెరటి చెట్టుకి పీట వేసేదెవరు?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఏ ఊళ్ళోనైనా నలుగురు పెద్దమనుషులు కలిసి ఓ గానసభో, కళాపరిషత్తో పెడతారు. లాభం కోసం కాదు పాపం, కళ మీద ప్రేమతోనే. చందాలు పోగుచేస్తారు, హాలు మాట్లాడతారు, పైఊరి విద్వాంసులకి రైలు టిక్కెట్లు కొంటారు. అంతా బాగానే ఉంటుంది. అయితే ఆ ఊరి కళకి ఆ వేదిక మీద ఎంత చోటిచ్చారండీ అని అడిగితే మాత్రం కార్యదర్శిగారు గొంతు సవరించుకుంటారు.

దీనికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ కథకి మించిన పాఠం నాకు కనిపించదు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు ఒక సంగీత సమావేశం కూడా జరిపారు. అందులోంచే 1928లో అకాడమీ పుట్టింది. అంతదాకా రాజులూ జమీందార్లూ పోషించిన సంగీతాన్ని ఇకమీద మేం పోషిస్తామని నగరంలోని లాయర్లూ డాక్టర్లూ ముందుకొచ్చారు. మొదటి అధ్యక్షుడు యు. రామారావుగారు డాక్టరే.

వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. దేవదాసీల నాట్యం పేరెత్తితేనే మర్యాదస్తులు మొహం తిప్పుకునే రోజుల్లో, 1931లో, ఆ కుటుంబానికి చెందిన కల్యాణి కూతుళ్ళ చేత అకాడమీ వేదిక మీద ఆడించారు. దీని వెనక ఉన్న ఇ. కృష్ణ అయ్యర్‌గారు స్వయంగా ఆడవేషం కట్టి ఆడిన లాయరు! ఆ నాట్యం అసలు ఉండాలా వద్దా అని మరుసటేడు ఆయనకీ డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారికీ పత్రికల్లో పెద్ద వాదులాటే జరిగింది.

తర్వాతేమైంది? నాట్యం నిలిచింది. దాన్ని అంతకాలం కాపాడుకొచ్చిన కుటుంబాల ఆడవాళ్ళే మెల్లమెల్లగా పక్కకి జరిగిపోయారు. వేదిక చదువుకున్న పెద్దింటి పిల్లలదైంది. ఆ కుటుంబాల్లోంచి వచ్చి నిలదొక్కుకున్న బాలసరస్వతికి 1973లోగానీ సంగీత కళానిధి బిరుదు దక్కలేదు. ఆ మాటకొస్తే, 1942లో ఏర్పడ్డ ఆ బిరుదు ఒక స్త్రీ చేతికి మొదటిసారి వచ్చింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి. ఇరవయ్యారేళ్ళు! మన ఆడవాళ్ళకి గొంతు లేక కాదు కదా.

ఇక భాష సంగతి. ఇక్కడ మనం, అంటే తెలుగువాళ్ళం, కాస్త మనసు పెద్దది చేసుకుని వినాలి. తమిళదేశం నడిబొడ్డున త్యాగరాజస్వామి తెలుగు కృతులే రాజ్యమేలుతున్నాయంటే మన గుండె ఉప్పొంగుతుంది. ఉప్పొంగాల్సిందే. కానీ ఆ హాల్లో కూర్చున్న మద్రాసు ఇల్లాలి మాటేమిటి? ఆవిడ భాషలో పాట, కచేరీ చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే వేళకి వచ్చేది. ఇదేం న్యాయమని తమిళులు అడిగారు. రాజా అన్నామలై చెట్టియార్ డబ్బిచ్చారు, రాజాజీ, కల్కి వంటివారు దన్నుగా నిలిచారు. దానికి అకాడమీ 1941లో ఒక తీర్మానం చేసింది. సంగీత ప్రమాణమే ముఖ్యమనీ, భాష పేరు చెప్పి దాన్ని తగ్గించకూడదనీ దాని సారాంశం.

పైకి చూస్తే ఎంత సబబుగా ఉందో చూడండి! స్వరానికి భాషేమిటి, నిజమే. కానీ స్వరానికి భాష లేనప్పుడు తమిళ పాట ముందుకొస్తే ప్రమాణం ఎలా తగ్గుతుందండీ? ఈ ప్రశ్నకి ఆ తీర్మానంలో జవాబు లేదు. విజయవాడలో మూడు గంటలు తమిళంలో పాడి, ఆఖరి ఐదు నిమిషాలు అన్నమయ్యకి విదిల్చితే మనం ఊరుకుంటామా? 1943లో తమిళ ఇశై సంఘం విడిగా వెలిసిందంటే నేను తప్పుపట్టలేను. అది మన త్యాగయ్య మీద కోపం కాదు, తమ ఇంట్లో తమకి పీట వెయ్యలేదన్న బాధ. కాలం గడిచింది. తమిళంలో ఎన్నో కీర్తనలు కట్టిన పాపనాశం శివన్‌కి అకాడమీయే 1971లో కళానిధి బిరుదిచ్చింది. తమిళ కీర్తన ముందుకొచ్చింది, త్యాగయ్యకి వచ్చిన లోటేమీ లేదు. చోటిస్తే ప్రమాణం తగ్గలేదన్నమాట.

పీట దక్కనివాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకే 2015లో అదే నగరంలో, బీసెంట్‌నగర్ పక్కనున్న ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే జాలరిపేటలో, గాయకుడు టి.ఎం. కృష్ణ, మరికొందరు కలిసి ఓ ఉత్సవం మొదలుపెట్టారు. టిక్కెట్టు లేదు. కర్ణాటక కచేరీ, పరై మేళం ఒకే ఉత్సవంలో! ఒక్క ఉత్సవంతో లోకం మారిపోదని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. మారదు నిజమే. 1931లో ఆ ఒక్క నాట్యంతోనూ మారలేదు కదా.

నేను సభలని వద్దనడం లేదు. అవి లేకపోతే సంగీతం సినిమాహాళ్ళలోనే మిగిలేది. అయితే సభ గొప్పతనాన్ని కప్పిన శాలువాల లెక్కతో కొలవకండి. ఆ ఊరి బుర్రకథ దళానికి సాయంత్రం ఆరు గంటల సమయం ఇచ్చారా, లేక ఎండవేళ ఖాళీ కుర్చీల ముందు కానిచ్చేశారా? పక్కవాద్యం వాయించిన కుర్రాడికి దారిఖర్చైనా ముట్టిందా? సంఘంలో ఆడవాళ్ళు పూలదండలు అందించడానికేనా, నిర్ణయాలు చెయ్యడానికి కూడానా?

ఈసారి మీ ఊరి కార్యదర్శిగారు రసీదు పుస్తకం పట్టుకుని గుమ్మంలోకొస్తే చందా తప్పకుండా ఇవ్వండి. ఓ గ్లాసు కాఫీ కూడా ఇచ్చి, తాగుతుండగా నెమ్మదిగా ఈ మూడూ అడగండి.