వేలికొసల విద్య

విజయవాడ ఆటోనగరులో, బ్రేకు నొక్కగనే స్టీరింగు వణకుచున్నదని వచ్చిన కారును పరీక్షించు మేస్త్రి నైపుణ్యము నాకు సదా వందనీయము. అతడు తొందరపడి ఏ భాగమును విప్పడు. తొలుత తానే బండి నడిపి, వణకు చేతులకు తెలిసినచో ముందు చక్రములయందును, ఆసనమున తెలిసినచో వెనుక చక్రములయందును దోషమును ప్రాయికముగా ఊహించును. బ్రేకు వేయకున్నను వణకు విడువనిచో బ్రేకు డిస్కును నిందింపక చక్రపు తూకమును చూచును.

పిమ్మట చక్రమును విప్పి, డిస్కుపై గోటిని లోపలినుండి అంచువరకు మెల్లగా జార్చి, గాడులను, అరుగక మిగిలిన గట్టును స్పర్శచేతనే గుర్తించి, మైక్రోమీటరుతో చుట్టును ఎనిమిది తావుల మందము కొలుచును. 0.02 మిల్లీమీటరుల తేడాయైనను చేతులను కంపింపజేయగలదు. డిస్కు వంగినదని జనులందురు గాని, హబ్బుపై తుప్పుపొరయో, బోల్టుల అసమానపు బిగింపో దానిని రవ్వంత ఓరగా నిలుపగా, వేల కిలోమీటరుల పరుగులో ఒకచోట అధికముగా అరుగుటయే తరచు కారణము. కావుననే అతడు క్రొత్త డిస్కు వేయుటకు ముందు హబ్బును గరుకు కాగితముతో శుభ్రపరచి, బోల్టులను ఎదురెదురుగా, సమబలముతో బిగించును.

కార్యమును చూచి కారణమును పట్టు ఈ విద్య ఎందరి ప్రాణములకో రక్ష.