కొలత తెలిసిన చట్టం

ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా ఎవరూ బావి తవ్వకూడదు, బోరు వేయకూడదు. వాల్టా చట్టంలోని ఈ మాట చాలామంది రైతులకు తెలుసు. దాని వెంటే ఉన్న మినహాయింపును గమనించేవాళ్లు తక్కువ. తాగునీటి కోసం వేసుకునే చేతిపంపుకు ఈ అడ్డు లేదు. వరిమడికి నీళ్లు తోడే మోటారునూ బిందెడు నీళ్లకు కొట్టే చేతిపంపునూ ఒకే గాటన కట్టలేదు. ఆ ఒక్క మినహాయింపులో రాసినవాళ్ల మనసు తెలుస్తుంది.

2002 ఏప్రిల్ 19న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఇది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దీన్ని కొనసాగించింది. అంతకుముందు 1996లో వచ్చిన చట్టం తాగునీటి కోసం భూగర్భజలాన్ని మాత్రమే పట్టించుకుంది. చెట్టు పోతే మట్టి కొట్టుకుపోతుంది, మట్టి పోతే వాననీరు ఇంకదు, నీరు ఇంకకపోతే బోరు ఎండుతుంది. రైతుకు తెలిసిన ఈ వరసను మూడు శాఖల దస్త్రాలుగా విడగొట్టకుండా ఒకే చట్టంలో పెట్టడం దీని మొదటి గొప్పతనం.

పాలమూరు నుంచి 2016లో వేరుపడిన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలకు ఈ చట్టం అవసరం ఎక్కువ. ఇక్కడ చాలాచోట్ల అడుగున ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైన పుచ్చిన రాతిపొరలో, కింద పగుళ్లలో. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో కూడా కాలువ అందని చేనుకు బోరే దిక్కు. ఒకే పగులు మీద ఇద్దరు బోర్లు వేస్తే ఒకరిది రెండోవారి నీటిని లాగేస్తుంది. అందుకే చట్టం రైతును మాత్రమే పట్టుకోలేదు. బోరుబండి యజమాని కూడా తన రిగ్గును నమోదు చేయించుకోవాలంది. నీటిమట్టం దెబ్బతినే చోట నీళ్లు తోడకుండా ఆపవచ్చు, అయితే ఒక్కసారికి ఆరు నెలలకు మించి కాదు. గడువు పొడిగించాలంటే మళ్లీ ఉత్తర్వు ఇవ్వాలి. అధికారికి అధికారమూ ఇచ్చింది, దానికి హద్దూ పెట్టింది.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇసుక గురించి 2004 నాటి నియమాలు రాసిన తీరు. ఇసుక మేట 8 మీటర్లకు మించి ఉంటే 2 మీటర్ల లోతు వరకు తీయవచ్చు. 3 నుంచి 8 మీటర్ల మధ్య ఉంటే ఒక్క మీటరే. వంతెనలకు, ఆనకట్టలకు, నీటి బావులకు 500 మీటర్ల లోపు తవ్వకూడదు. చిన్న వాగుల్లో ఇసుక ఆ పక్క ఊళ్ల వాడకానికే. నాగర్‌కర్నూల్ జిల్లాలో దుందుభి ఒడ్డున నిలబడితే ఈ అంకెల అర్థం తెలుస్తుంది. వేసవిలో పైకి చుక్క కనిపించని వాగులో ఇసుకను చేత్తో తోడితే చెలిమెలో నీళ్లు ఊరతాయి. ఆ తడే ఒడ్డు బావులకు ఆధారం. ఇసుక మొత్తం ఎత్తేస్తే వరద వచ్చిన దారినే పోతుంది, నీరు ఇంకడానికి చోటు మిగలదు. నియమం రాసినవాళ్లు ఇసుకను నీళ్లు దాచుకునే పొరగా చూశారు, ఇల్లు కట్టే సరుకుగా మాత్రమే చూడలేదు. సముద్రతీరానికి 1991లో కేంద్రం పోటుగీత నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ పెట్టింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న వాగుకూ అలాంటి జాగ్రత్తే దక్కడం నాకు తృప్తినిస్తుంది.

చెరువుల విషయంలోనూ ఇదే నేర్పు. చెరువులను, కుంటలను వారసత్వ జలవనరులుగా ప్రకటించవచ్చంటూ, వాటి కాలువలను కూడా చట్టం కలిపింది. వనపర్తి సంస్థానం వాళ్లు తవ్వించిన సప్తసముద్రాలనే పెద్ద చెరువుల గురించి, శ్రీరంగాపురం రంగసముద్రం గురించి తెలిసినవాళ్లకు ఆ మాట విలువ వెంటనే అర్థమవుతుంది. కట్ట ఎంత గట్టిగా ఉన్నా పైనుంచి వచ్చే వాగును పూడ్చి ఇళ్లు కడితే చెరువు నిండదు. చెరువులో నీళ్లు నిలిచే శిఖం భూమికి హద్దురాళ్లు పాతి కాలువను వదిలేస్తే సగం పనే.

ఇంత బాగా రాసిన చట్టానికీ కొలిచే మనిషి కావాలి. మేట ఎన్ని మీటర్లుందో చూడకుండా ఇసుక ట్రాక్టరుకు అనుమతిస్తే ఆ 8కీ 3కీ అర్థం లేదు. మా పాలమూరు ఊళ్లలో పంచాయతీ గోడల మీద పథకాల పేర్లు రాస్తుంటారు. వాటి పక్కన ఈ ఇసుక లోతుల అంకెలు కూడా, ఏ వాగుకు ఏది వర్తిస్తుందో చెప్పి రాయాలి. వాగు లోతు ఆ ఊరివాళ్లకే బాగా తెలుసు.