శుల్కమునుండి కట్నమునకు

వివాహాచారముల మార్పును గూర్చి వ్రాయువారు సామాన్యముగా రెండు తెఱఁగుల వ్రాయుచుందురు. కొందఱు పూర్వాచారమంతయు సాధువనియు నేఁటి యాడంబరమంతయు దోషమనియుఁ దలఁతురు. మఱికొందఱు పూర్వమంతయు మౌఢ్యమనియు నేఁటిదంతయు స్వేచ్ఛయనియు వాదింతురు. ఈ రెండు పక్షములకును బ్రమాణముకంటె నభిమానమే యాధారము. మన వాఙ్మయమున నీ మార్పునకు సాక్ష్యమిచ్చు నాటకములు రెండు కలవు: గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము, కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయము. రెండు పేరులును సమాసములే. వ్యాకరణము నభ్యసించినవాఁడ నగుటచే నే నా సమాసములనుండియే విమర్శ నారంభించుచున్నాను.

ఇందులకుఁ గారణ మొకటి కలదు. కొన్ని యేండ్లకు ముందు పాఠశాలలో మిశ్రసమాసమును బోధించుచు, సంస్కృతమైన వరశబ్దమును తెలుఁగైన కట్నశబ్దమును గూడినందున వరకట్నము మిశ్రసమాసమని యుదాహరించి, "వరునికొఱకుఁ గట్నము" అని విగ్రహవాక్యమును జెప్పితిని. అంత నొక బాలిక లేచి, ఈ మాటలోఁ బెండ్లికూఁతు రెక్కడ నున్నదని యడిగెను. తరగతి నవ్వెను. నేను నవ్వితిని గాని యుత్తరము చెప్పలేకపోయితిని. ఈ వ్యాస మా ప్రశ్నకు జాగు చేసి యిచ్చు నుత్తరము.

ముందుగా శాస్త్రమును విచారింతము. మనువు వివాహముల నెనిమిదిగా విభజించెను. బ్రాహ్మమందుఁ దండ్రి శ్రుతశీలవంతుఁడైన వరునిఁ దానై యాహ్వానించి, కన్యను వస్త్రాదులచే నలంకరించి యిచ్చును. ఆర్షమందు వరునినుండి గోమిథునమును గ్రహించుట కలదు. ఆసురమందు వరుఁడు కన్యకును నామె జ్ఞాతులకును ధనమిచ్చి కన్యను బడయును. కన్యాశుల్కమున కీ యాసురమందుఁ జోటు దొరకును. కాని తండ్రి యల్పమైన శుల్కమునైనఁ గొనరాదని యా మనువే శాసించెను. ఇఁక వరుని తండ్రికి ధనమిచ్చి వరునిఁ దెచ్చుకొను వివాహ మా యెనిమిదింట నెందును లేదు. పైశాచమునకైన నొక పేరు కలదు. దీనికిఁ బేరే లేదు. దానమునకు దక్షిణ యంగమని చెప్పి, వరదక్షిణ యను పేర దీనిని సమర్థించువారు కలరు. దక్షిణ దాత శ్రద్ధకొలఁది యిచ్చునది. గ్రహీత ముందుగా నిర్ణయించి, తక్కువైనచో ముహూర్తమును నిలుపునది దక్షిణ కానేరదు.

తెలుఁగున శుల్కమునకు ఓలి యను దేశ్యపదము కలదు. పెక్కు కులములలో నీ యాచారము చిరకాలము నిలిచెను. కట్నమన్ననో కానుక, బహుమానము అను నర్థము గల పదము. పెండ్లిపందిటఁ జదివింపులలో బంధువు లిచ్చునదియుఁ గట్నమే. ప్రీతితో నిచ్చుదాని పేరును ఋణమువలె వసూలు చేయుదానికిఁ దగిలించుటయే యీ యాచారము చేసిన తొలి వంచన. నేఁటి బాలురకు ఓలి యను మాట తెలియదు. కట్నమను మాట తెలియనివాఁడు లేఁడు.

కన్యాశుల్కము 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి మార్పులతో రెండవ కూర్పుగా వెలువడినది. మా గురువు లీ నాటకభాష నంగీకరింపలేదు. నేనును జిరకాలము దానిని దోషముగానే యెంచితిని. ఇపుడు నేను విచారింపఁగోరునది భాష కాదు, కారకము. ఇది యతిశయోక్తియని త్రోసివేయువారు తొలికూర్పు పీఠికను జూడవలయును. విశాఖపట్టణమండలమున మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1034 అని లెక్క తేలినట్లును, ఆ కన్యలలో 99 మంది యయిదేండ్లవారు, 44 గురు నాలుగేండ్లవారు, 36 గురు మూఁడేండ్లవారు, 6 గురు రెండేండ్లవారు, 3 గురు ఏఁడాదివారు ననియు నందుఁ గలదు.

స్వతంత్రుఁడైనవాఁడే కర్తయని పాణిని నిర్వచించెను. ఈ నిర్వచనముతో నాటకమును బరీక్షింతము. అమ్మువాఁడు అగ్నిహోత్రావధాన్లు; కొనువాఁడు లుబ్ధావధాన్లు; తప్పింపఁ బూనినవాఁడు మేనమామ కరటకశాస్త్రి. ఏ సుబ్బికొఱకుఁ గథ యంతయు నడచుచున్నదో యా సుబ్బి కేవలము కర్మపదము. కరటకశాస్త్రి తన శిష్యునకు నాఁడువేషము వేసి లుబ్ధావధాన్లకుఁ గన్యగా నమ్మును. ఇది హాస్యము మాత్రమే కాదు. కొనువానికిఁ గర్మస్థానమున నొక పదమున్నఁ జాలును. అది స్త్రీలింగమో పుంలింగమో వాఁ డెఱుఁగఁడు. ఇంతకంటెఁ దీవ్రమైన ఖండనము వ్యాసములలో నలవికాదు. అయినను సుబ్బి రక్షణము పరుల యుపాయముచేతనే కాని తన మాటచేతఁ గలుగలేదు. ఆ వయసున మాట యెట్లుండును? వైధవ్యము ననుభవించు నక్క బుచ్చమ్మయే యా మౌనమునకు వ్యాఖ్యానము.

పిమ్మట నాంగ్లవిద్యయు జీతపుటుద్యోగమును వచ్చెను. పట్టమునకును బదవికిని వెల యేర్పడఁగా ధనము నడచు దారి తిరుగఁబడెను. 1920 దశకమున వచ్చిన వరవిక్రయ మీ తిరుగుబాటునకు నాటకరూపము. కట్నమునకై తండ్రి పడు నవస్థను జూడఁజాలక కాళింది ప్రాణము తీసికొనును. ఆమె మరణానంతరమున వరుని తండ్రి లింగరాజు తాను గొన్న ధనమును మరల నీయఁడు. చెల్లెలు కమల యా వరునే పరిణయమాడి, యతఁడు తాము గొన్న సొత్తనియు, సొత్తు కొన్నవారి యింటనే యుండవలయుననియు వాదించి, వ్యవహారమును న్యాయస్థానమువఱకుఁ దెచ్చును. 1939లో నిది చలనచిత్రముగా వచ్చి యింటింటికిఁ దెలిసినది.

వరవిక్రయ మనుచో వరశబ్దము కర్మషష్ఠి. కన్యాశుల్కమునఁ గన్య కేస్థానము కలదో యిందు వరున కాస్థానమే కలిగినది. కట్నమను తీయని మాటను దొలఁగించి విక్రయమను నిజమైన మాటను నిలుపుటయే యీ కవి ఘనత. కమల కర్తయైనది, సుబ్బికిఁ గలుగని స్వాతంత్ర్య మీమెకుఁ గలిగినది. కాని లోపమును జెప్పవలయును. ఆమె క్రయము నోడించుటకుఁ దాను గ్రేతయగుట కంగీకరించినది. బేరమును ఖండింపక బేరమున గెలిచినది. అందుచే నాటకము ముగియుసరికిఁ బ్రేక్షకుఁడు లింగరాజును జూచి నవ్వును గాని, తన యింటి లెక్కల పుస్తకమును దలఁపఁడు. కాళింది మరణము మిగిల్చిన దుఃఖ మా నవ్వులోఁ గరఁగిపోవును.

ఇట్లు ధనము దారి మాఱుచుండఁగాఁ దంతును మాఱెను. 1929 నాఁటి శారదాశాసనము 1930లో నమలునకు వచ్చి కన్యకుఁ బదునాలుగేండ్లను విధించెను. 1978 సవరణ పదునెనిమిదిని, వరున కిరువదియొకటిని విధించెను. అయిదునాళ్ళ పెండ్లి యొక రాత్రికిఁ గుదిసెను. బిందెలో నుంగరము తీయుట, పూలబంతు లాడుట పసిబిడ్డల బెదురు తీర్చుటకుఁ దగిన వినోదములు. నేఁ డవి పెద్దవారు ఛాయాగ్రాహకునికొఱకుఁ జేయుచున్నారు. మెహందీ, సంగీత్ ఉత్తరదేశమునుండి వచ్చి చేరినవి. ఇందు నాకుఁ గోపము లేదు. గృహ్యసూత్రములలోఁ గానరాని మంగళసూత్రధారణము నొకనాఁడు క్రొత్తగా వచ్చి చేరినదే. నా యాశ్చర్యము వేఱు. అత్తమామల యెడ సమ్రాజ్ఞివి గమ్మని వధువు నాశీర్వదించు ఋగ్వేదమంత్ర మెనిమిదేండ్ల బిడ్డపైఁ జదువఁబడెను. ఇపుడు చదువుకొన్న యువతిపైఁ జదువఁబడుచున్నది. మంత్రార్థమున కర్హమైన వయసు వచ్చినది. అర్థము మాత్ర మింకను రాలేదు. శుభలేఖయందు నేఁటికిని దండ్రి తన పుత్రికను ఫలానివాని "కిచ్చి" వివాహము జరుపుచున్నాఁడు. ఆమె ద్వితీయావిభక్తియందే యున్నది.

ఆంధ్రప్రదేశమునఁ గట్ననిషేధశాసనము 1958లోనే వచ్చెను; దేశమంతటికి 1961లో వచ్చెను. ఇచ్చుటయుఁ బుచ్చుకొనుటయు రెండును నేరమని యీ రెండవ శాసనము చెప్పుచున్నది. సమాసము మఱుఁగుపఱచిన కర్తను, సంప్రదానమును శాసనము బయటఁ బెట్టినది. అయినను లాంఛనములు, ఆఁడుబిడ్డ కట్నము మున్నగు పేరులు మిగిలియున్నవి. పరులను నిందించుటకుఁ బూర్వము నా మాటయుఁ జెప్పవలయును. 1996లో నా వివాహమున మా తండ్రి లాంఛనముల పేర ధనము గ్రహించెను. సమాసములను విడదీయ నేర్చిన నేనా మాటను విడదీయక యూరకుంటిని. అది వ్యాకరణజ్ఞానము లేమి కాదు, ధైర్యము లేమి.

ఆ బాలిక యడిగిన ప్రశ్నకు నా యుత్తర మిది. కన్యాశుల్కమునఁ బెండ్లికూఁతురు వస్తువుగానైన నున్నది. వరకట్నమున నామె లేనేలేదు. విభక్తి లోపించిన చోట నర్థమును విగ్రహవాక్యమునఁ జూపుట వైయాకరణుని ధర్మము. ఇఁకమీఁదట నీ సమాసమును బోధించునపుడు, ఎవరు, ఎవరికి, ఎవరిని జూపి, ఎంత యడిగిరో పూర్తిగా విడదీసి చెప్పుదమని పండితమిత్రులను బ్రార్థించుచున్నాను. నవ్విన తరగతి యపుడు నవ్వదు.