వ్యవస్థను మార్చుటకు ముందు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 యొక్క సాధారణ పోషణ ముగిసిన పిమ్మట, టీపీఎం 2.0 అను రక్షణ చిప్పు లేకయో, ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదవ తరమునకు ముందటిదగుటచేతనో విండోస్ 11కు అనర్హములని తేలిన కంప్యూటర్లు, తెర మొదలు కీబోర్డు వఱకు నిక్షేపముగా పనిచేయుచున్నను, ఇంటింట దిక్కులేనివై నిలిచినవి. నేను నిత్యము వ్రాసికొను కంప్యూటరును ఆ కోవలోనిదే. చక్కగా నడచుచున్న యంత్రమును గడువు తీరినదను కారణమున పాతసామానులవానికి అప్పగించుటకు నాకు మనసొప్పదు.

ప్రత్యామ్నాయములు లేకపోలేదు. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ తేలికయైనదే గాని, బ్రౌజరునే ఆశ్రయించి బ్రతుకునట్టిది. ఫ్రీబీఎస్‌డీ సర్వర్లు నడుపువారికి ప్రీతిపాత్రము, గృహస్థునకు శ్రమ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికయు, 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన కెర్నెలును కలిసి, ఉబుంటు, మింట్ మొదలగు పేళ్లతో నేడు మనకు ఉచితముగా లభించుచున్న లినక్సు వైపే నా మొగ్గు. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పదుగురికి పంచవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు వ్యవస్థను తెనిగింప బూనుట ఈ స్వాతంత్ర్యము వలననే సాధ్యమైనది.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన సౌకర్యము పరీక్షకు సంబంధించినది. మింట్‌ను పెన్‌డ్రైవులోనికెక్కించి, కంప్యూటరును దానినుండి బూట్ చేసినచో, హార్డ్ డిస్కును తాకకయే వైఫై అందుచున్నదో లేదో, ప్రింటరు మాట వినుచున్నదో లేదో చూచుకొనవచ్చును. అప్పుడు కనబడు మాంద్యము మాత్రము పెన్‌డ్రైవుదని గ్రహింపవలెను. లినక్సున భాషల టైపింగునకు వాడు ఐబస్‌లో ఇన్‌స్క్రిప్టు కీబోర్డును చేర్చుకొని నేను మొదట కొట్టిన మాట "స్త్రీ": స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము, ఈ ఆరు మీటలకును తవత్తును క్రావడియు తమ తమ తావులలో కుదురుకొనినప్పుడు, ఇచట తెలుగు వ్రాతకు లోటు రాదను ధైర్యము నాకు కలిగినది.

గట్టి చిక్కు వేఱొక చోట నున్నది. మన డీటీపీ కేంద్రములలో దశాబ్దములుగా పేజ్‌మేకరుపై 'అను' అను పేరుగల ఫాంట్లతో కూర్చిన వాఙ్మయమెంతయో కలదు. ఆ పద్ధతిలో తెలుగు అక్షర ఖండములు ఆంగ్లాక్షరముల సంకేత స్థానములలో కూర్చుండును గనుక, ఆ ఫాంటు లేని చోట తెఱచినచో, ఎంతటి కథయైనను రోమను గుర్తుల గుంపుగా కానవచ్చును. ఏ ఆపరేటింగ్ సిస్టమును దీనిని తనంతట తీర్చజాలదు. అందుచేత, వ్యవస్థను మార్చదలచిన రచయిత మొదట తన వ్రాతలను యూనికోడులోనికి మార్పించి, మార్పిడిలో వత్తులు తారుమారగుట కలదు గనుక, ప్రతి పుటను మూలముతో సరిచూచుకొనవలెనని నా దృఢాభిప్రాయము. దీనికి పట్టు కాలము లినక్సును స్థాపించుటకు పట్టు కాలముకంటె పెక్కు రెట్లధికము. అయినను ముందు చేయవలసిన పని ఇదియే.

ముద్రాపకులు 'అను' ఫాంట్ల ఫైళ్లనే కోరుచున్నంతకాలము విండోస్‌ను పూర్తిగా తొలగింపక, డిస్కును విభజించి రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొనుట మేలు. పోషణ లేని విండోస్‌ను ఇంటర్నెట్టునకు దూరముగా నుంచిన చాలును. విభజనకు పూర్వము వ్రాతలన్నిటి ప్రతిని వేఱొక డిస్కుపై దాచి, డిస్కునకు విండోస్ వేయు తాళమగు బిట్‌లాకరు ఉన్నయెడల దాని రికవరీ కీని కాగితముపై వ్రాసికొని, ఆ పిమ్మటనే ఇన్‌స్టాల్ మీటను నొక్కవలెను.