ప్రోగ్రెస్ బార్ వెనుక క్యూ

విండోస్ అప్లికేషన్లలో బటన్లను, ప్రోగ్రెస్ బార్లను వాటిని సృష్టించిన థ్రెడ్ మాత్రమే తాకాలి. అదే యూఐ థ్రెడ్. డౌన్‌లోడ్ వంటి బరువైన పనిని దాని మీదే పెడితే విండో బిగుసుకుపోతుంది. వేరే థ్రెడ్‌కు అప్పగిస్తే, ఆ థ్రెడ్‌కు తెరను తాకే హక్కు ఉండదు. అందుకే డాట్‌నెట్‌లో పని చేసే థ్రెడ్ బార్‌ను కదపదు, కబురు పంపుతుంది.

2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ ఈ కబురును ఈవెంట్ రూపంలో యూఐ థ్రెడ్‌కు చేర్చేది. 2012లో సీ షార్ప్ 5లో థ్రెడ్‌ను ఆపకుండానే పని ముగిసేదాకా వేచి ఉండనిచ్చే అసింక్, అవెయిట్ వచ్చినప్పుడే, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.5లో ఐప్రోగ్రెస్ అనే ఇంటర్‌ఫేస్ వచ్చింది. అందులో ఉన్నది రిపోర్ట్ అనే ఒక్క మెథడే. పని చేసే కోడ్‌కు తెర సంగతి తెలియనక్కర్లేదు కనుక అదే కోడ్ విండోలోనూ, కన్సోల్‌లోనూ, టెస్టులోనూ పనికొస్తుంది.

ఈ ఇంటర్‌ఫేస్‌ను అమలుచేసే ప్రోగ్రెస్ క్లాసు, ఆబ్జెక్టు పుట్టిన చోట కబుర్లు ఏ థ్రెడ్‌కు చేరాలో చెప్పే సింక్రొనైజేషన్ కాంటెక్స్ట్‌ను పట్టి ఉంచుకుంటుంది. అందుకే ఆబ్జెక్టును యూఐ థ్రెడ్‌లోనే, పని మొదలుకాకముందే సృష్టించాలి. కాంటెక్స్ట్ లేనిచోట కబుర్లు థ్రెడ్ పూల్‌కు పోతాయి. అక్కడ వరుసకు హామీ లేదు. కన్సోల్ ప్రోగ్రాముల్లో 40 శాతం తర్వాత 39 కనిపించడం ఇందువల్లే.

రిపోర్ట్ కబురును క్యూలో వేసి వెంటనే తిరిగొస్తుంది, తెర మారేదాకా ఆగదు. చివరి కబురు, అవెయిట్ తర్వాతి కోడ్ రెండూ యూఐ థ్రెడ్ క్యూలోకే వస్తాయి కనుక సాధారణంగా వరుస చెడదు. కానీ ఒక ప్రోగ్రెస్ ఆబ్జెక్టు మరో ప్రోగ్రెస్ ఆబ్జెక్టుకు కబురు అందిస్తే, అది రెండుసార్లు క్యూలో నిలబడాలి. ఈలోగా అవెయిట్ తర్వాతి కోడ్ ‘పూర్తయింది’ అని రాస్తుంది. ఆలస్యంగా చేరిన శాతం ఆ మాటను చెరిపేస్తుంది. మధ్య అంచెల్లో క్యూ లేకుండా నేరుగా పిలిచే చిన్న క్లాసు రాసుకుంటే ఈ దోషం పోతుంది.

కబుర్ల సంఖ్య మీదా అదుపుండాలి. 1 జీబీ ఫైలును 4 కేబీ ముక్కలుగా చదువుతూ ముక్కకొకటి చొప్పున పంపితే 2,62,144 కబుర్లవుతాయి. వాటిని తీర్చలేక విండో మళ్లీ బిగుసుకుపోతుంది. శాతం మారినప్పుడే పంపితే దాదాపు నూటితో సరిపోతుంది. కాలవ్యవధిని బట్టి వడకట్టినా చివరి కబురును మాత్రం వదలకూడదు.

కబురులో వెళ్లే విలువ ఆ తర్వాత మారకూడదు. ఒకే ఆబ్జెక్టును మారుస్తూ పంపితే, చదివేసరికి అందులో వేరే లెక్క ఉంటుంది. సమాంతరంగా అనేక థ్రెడ్లు పనిచేస్తుంటే లెక్కను ఇంటర్‌లాక్డ్ ఇంక్రిమెంట్‌తో పెంచాలి. అప్పుడు కూడా 58 ముందు, 57 వెనుక రావచ్చు కాబట్టి, చూపించిన దానికన్నా చిన్న సంఖ్యను కబురు అందుకునే హ్యాండ్లర్ పక్కన పెట్టాలి.

బార్ 100కు చేరడం పని నెగ్గినట్టు కాదు. బైట్లన్నీ వచ్చాక ఫైలును సరిచూసేటప్పుడు కూడా పని విఫలం కావచ్చు. పూర్తయిందా, విఫలమైందా, రద్దయిందా అన్నది అసింక్ మెథడ్ తిరిగిచ్చే టాస్క్ నుంచే తెలుసుకోవాలి. ప్రోగ్రామ్ ఏ నిర్ణయమూ ప్రోగ్రెస్ కబురు మీద ఆధారపడకూడదు.